పెంపుడు జంతువులు: ఎంపిక, అవగాహన, సంరక్షణ

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 మచ్చిక, పెంపుడు జాతి – తేడా
14.3 ఎంపికకు ముందు వేసుకోవలసిన ప్రశ్నలు
14.4 కుక్క
14.5 పిల్లి
14.6 పక్షులు, తాబేళ్ళు
14.7 కుందేలు
14.8 అక్వేరియం చేపలు
14.9 రేబిస్ – ప్రతి ఇంటికీ తెలియవలసిన విషయం
14.10 యజమాని బాధ్యతలు
14.11 సారాంశం
14.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
14.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• మచ్చిక చేసిన జంతువుకూ, పెంపుడు జాతికీ గల తేడాను వివరించగలరు;
• మీ ఇంటి వసతికి, సమయానికి, ఆదాయానికి తగిన జంతువును ఎంచుకోగలరు;
• కుక్క, పిల్లి, పక్షి, కుందేలు, చేపల ప్రాథమిక అవసరాలను చెప్పగలరు;
• మన దేశంలో ఏ జంతువులను ఇంట్లో పెంచడం నేరమో గుర్తించగలరు;
• కుక్క కరిచినప్పుడు వెంటనే చేయవలసిన పనులను వరుసక్రమంలో చెప్పగలరు.

14.1 పరిచయం

ఇంతకు ముందు భాగాల్లో ఆవు, గేదె, మేక, కోడి వంటి పశుసంపద గురించి చదివారు. పాలు, గుడ్లు, మాంసం, పొలం పని వంటి ప్రయోజనాల కోసం మనిషి వాటిని పెంచుతాడు. ఈ భాగంలో మనం చూడబోయే జంతువులు తోడు కోసం ఇంట్లోకి వచ్చినవి. వాటి నుంచి రాబడి ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది. అయినా ఊళ్ళలోనూ, పట్టణాల్లోనూ వాటిని పెంచే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మీలో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటి బాధ్యతలో చూసుకుంటూ చదువుతున్నవారు. మీ ఇంట్లో పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేసి ఉండవచ్చు. వాకిట్లో ఈనిన పిల్లి ఇప్పటికే మీ ఇంటిదైపోయి ఉండవచ్చు. కాబట్టి ఈ పాఠాన్ని పరీక్ష కోసం మాత్రమే కాకుండా, ఇంట్లో ఒక నిర్ణయం తీసుకోవడానికి పనికి వచ్చేదిగా చదవండి. తెలియక చేసే పొరపాట్ల వల్ల జంతువు ప్రాణం పోవచ్చు. రేబిస్ విషయంలో అయితే మనిషి ప్రాణమే పోతుంది.

14.2 మచ్చిక, పెంపుడు జాతి – తేడా

అడవిలో పట్టుకొన్న చిలుకకు రోజూ గింజలు పెడితే అది మీ చేతి మీద వాలుతుంది. దీన్ని మచ్చిక చేయడం అంటాం. ఇది ఆ ఒక్క చిలుకకే పరిమితం. దాని పిల్లలు మళ్ళీ అడవి చిలుకలుగానే పుడతాయి. ఒక జాతిని మనిషి వందల తరాల పాటు తన దగ్గర ఉంచుకొని, సాధువైన వాటినే ఎంచి సంతానోత్పత్తి చేయించినప్పుడు ఆ జాతి స్వభావమే మారుతుంది. అటువంటిదాన్ని పెంపుడు జాతి అంటాం.

కుక్క బూడిదరంగు తోడేలు సంతతి నుంచి వచ్చింది. జర్మనీలోని బాన్-ఓబర్‌కాసెల్‌లో మనుషులతో పాటు పూడ్చిన కుక్క అవశేషాలు సుమారు 14,000 సంవత్సరాల నాటివి. మన దేశంలో కాశ్మీర్‌లోని బుర్జహోమ్ నవీన శిలాయుగ స్థావరంలో కూడా మనిషితో పాటు కుక్కను పూడ్చిన ఆధారాలు దొరికాయి. పిల్లి ఆఫ్రికా అడవిపిల్లి సంతతి. మనిషి ధాన్యం నిలవ చేయడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి, వాటి కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో మనిషి పక్కన పూడ్చిన పిల్లి అస్థిపంజరం సుమారు 9,500 సంవత్సరాల నాటిది. గోల్డ్ ఫిష్ చైనాలో పెంచిన కార్పు జాతి చేపల నుంచి వచ్చింది. బడ్జెరిగార్ చిలుకలు ఆస్ట్రేలియా మైదానాలవి. 1840లో జాన్ గౌల్డ్ వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చిన తరువాత ప్రపంచమంతటా వ్యాపించాయి.

ఈ చరిత్ర ఎందుకు చెప్పుకొన్నామంటే, జంతువు అవసరాలు దాని పూర్వీకుల జీవనం నుంచి వచ్చాయి. తోడేలు గుంపులో బతుకుతుంది. అందుకే కుక్క ఒంటరితనాన్ని తట్టుకోలేదు. అడవిపిల్లి ఒంటరిగా వేటాడుతుంది. అందుకే పిల్లి తన చోటును, తన వేళలను వదులుకోదు. కుందేలు ఇతర జంతువులకు ఆహారమయ్యే ప్రాణి. అందుకే నొప్పిని, జబ్బును బయటపడనీయదు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకొంటే తరువాతి విషయాలు కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

14.3 ఎంపికకు ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

ఏ జంతువు అందంగా ఉందో చూసే ముందు, ఈ ఐదు ప్రశ్నలకు కాగితం మీద సమాధానాలు రాసుకోండి.

1. ఎన్నేళ్ళు? సాధారణంగా కుక్క 10 నుంచి 13 సంవత్సరాలు, ఇంట్లోనే ఉండే పిల్లి 12 నుంచి 18, కుందేలు 8 నుంచి 10, బడ్జెరిగార్ 5 నుంచి 8 సంవత్సరాలు బతుకుతాయి. మంచి నీటిలో పెంచిన గోల్డ్ ఫిష్ పదేళ్ళు దాటుతుంది. ఐదో తరగతి పిల్లవాడి ముచ్చట కోసం తెచ్చిన కుక్కపిల్ల అతడు డిగ్రీ చదివేనాటికి ముసలిదవుతుంది. అప్పుడు చూసుకొనేది ఎవరు?

2. రోజుకు ఎంత సమయం? కుక్కకు రెండు పూటలా నడక, తిండి, తోడు కావాలి. ఇంట్లో అందరూ ఉదయం తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం ఏడుకు వచ్చేవారైతే కుక్కపిల్ల తగదు.

3. ఎంత చోటు? రెండు గదుల అద్దె ఇంట్లో పెద్ద జాతి కుక్క ఇమడదు. ఇంటి యజమాని అనుమతి ముందే అడగండి. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశుభ్రత, ప్రశాంతత మాత్రం యజమాని బాధ్యతే.

4. నెలకు ఎంత ఖర్చు? జంతువును కొన్న ధర ఒక్కసారితో పోతుంది. తిండి, ఏటా టీకాలు, నులిపురుగుల మందు, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, అనుకోకుండా వచ్చే జబ్బు అనే ఐదు పద్దులు రాసి, మీ ఊరి ధరలతో లెక్క వేయండి.

5. ఊరెళితే ఎవరు చూస్తారు? సంక్రాంతికో, దసరాకో కుటుంబమంతా ఊరికి వెళ్ళడం మనకు మామూలే. ఆ నాలుగు రోజులు చూసే మనిషి పేరు రాయలేకపోతే నిర్ణయాన్ని వాయిదా వేయండి.

ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, అలర్జీ ఉంటే వైద్యుణ్ణి అడిగిన తరువాతే ముందుకు వెళ్ళాలి. జంతువును చూసుకొనే పని చివరికి ఇంట్లోని స్త్రీ మీదనే పడడం మనం తరచుగా చూసేదే. అందువల్ల ఆమె సమ్మతి లేకుండా తీసుకొన్న నిర్ణయం సరైనది కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
సూచన: కింద ఖాళీ స్థలంలో సమాధానం రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
ప్రశ్న: మచ్చిక చేయడానికీ, పెంపుడు జాతికీ తేడా ఏమిటి?
........................................................................
........................................................................

14.4 కుక్క

14.4.1 జాతి ఎంపిక

మన దగ్గర రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ మంచు ప్రాంతాల జాతులు. వాటి రెండు పొరల జుట్టు మన ఎండకు శిక్ష. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసమార్గం ఇరుకు, ఎండలో త్వరగా ఊపిరాడక ఇబ్బంది పడతాయి.

వీధుల్లో పుట్టిన నాటు కుక్కపిల్ల మన వాతావరణానికి తరతరాలుగా అలవాటు పడింది. పొట్టి జుట్టు, మధ్యస్థమైన శరీరం, తక్కువ ఖర్చు దాని ప్రత్యేకతలు. జాతి కుక్కే కావాలనుకొంటే కర్ణాటకలోని ముధోల్, తమిళనాడులోని రాజపాళ్యం, చిప్పిపారై జాతులు ఉన్నాయి. కొల్లేరు ప్రాంతంలో బాతులను మేపడానికి వాడిన జోనంగి మన తెలుగు నేల జాతి. అయితే ఇవన్నీ పరుగుకు, పనికి పుట్టినవి. రోజంతా గొలుసుతో కట్టి ఉంచేవారికి తగవు.

కుక్కపిల్లను ఎనిమిది వారాలు నిండాకే తల్లి నుంచి వేరు చేయాలి. అంతకన్నా చిన్నవాటిని అమ్మడాన్ని 2017 నాటి కుక్కల సంతానోత్పత్తి, అమ్మకం నిబంధనలు నిషేధించాయి. మూడో వారం నుంచి సుమారు 14వ వారం దాకా కుక్కపిల్ల ఏది భయపడవలసినదో, ఏది కాదో నేర్చుకొనే కాలం. ఆ రోజుల్లో పిల్లలను, ముసలివారిని, కుక్కరు ఈలను, బండి చప్పుడును మెల్లగా పరిచయం చేస్తే పెద్దయ్యాక బెదురు, కరిచే గుణం తగ్గుతాయి.

14.4.2 ఆహారం

పాలన్నం, పెరుగన్నం మాత్రమే పెట్టి పెంచిన కుక్కకు మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గుడ్డు, కోడిమాంసం, చేప కలపాలి. కుక్క మాంసంతో పాటు శాకాహారాన్ని కూడా జీర్ణం చేసుకోగలదు కాబట్టి, శాకాహార కుటుంబాలు పశువైద్యుని సలహాతో సమతుల్య ఆహారం ఇవ్వవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కుక్కకు విషాలు. మనం తిని మిగిల్చిన కూరలో ఉల్లి తప్పక ఉంటుందని గుర్తుంచుకోండి. ఉడికిన ఎముకలు చీలికలుగా విరిగి పేగుల్లో గుచ్చుకొంటాయి, కాబట్టి పెట్టకూడదు.

14.4.3 ఆరోగ్యం

పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధులకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో 16 వారాలు వచ్చేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం సాధారణంగా ఏటా వేయించాలి. టీకాలు పూర్తికాని కుక్కపిల్ల నెత్తుటి విరేచనాలు, వాంతులు చేసుకొంటుంటే పార్వో అని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రేపు చూద్దామంటే ఆలస్యమవుతుంది.

చెవుల వెనుక, వేళ్ళ సందుల్లో పిడుదులు (గోమార్లు) ఉన్నాయేమో వారానికోసారి చూడండి. ఇవి రక్తం తాగడమే కాక ఎర్లీకియా, బబేసియా వ్యాధులను కూడా అంటిస్తాయి. జ్వరం, తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం వీటి లక్షణాలు.

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మన కన్నా ఎక్కువ కాబట్టి ముట్టుకొని జ్వరమని నిర్ణయించకండి. మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే వేడిని వదులుకొంటుంది. వేసవిలో ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. నీడలోకి చేర్చి, మామూలు చల్లటి నీటితో ఒళ్ళు తడిపి, గాలి తగిలేట్టు చేసి వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళాలి. మూసిన కారులో కుక్కను కొద్ది నిమిషాలు కూడా వదలకూడదు.

14.4.4 కుక్క భాష

అరిచే కుక్క కరవదని సామెత. ఈ సామెతను నమ్ముకొని కుక్క దగ్గరకు వెళ్ళకండి. అరిచే కుక్కా కరుస్తుంది, అరవనిదీ కరుస్తుంది. తోక ఊపడం ఎప్పుడూ స్నేహం కాదు. ఒళ్ళు బిగుసుకొని, తోక నిటారుగా నిలిపి మెల్లగా ఊపితే అది హెచ్చరిక. పెదవులు నాకడం, ముఖం తిప్పుకోవడం, కళ్ళ తెల్లగుడ్డు కనిపించడం 'నన్ను వదిలెయ్' అని చెప్పడమే. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానుతుంది, కరవడం మానదు. చిన్న పిల్లలను, ఎంత సాధువైన కుక్కతోనైనా, పెద్దవారు లేకుండా వదలకూడదు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు కుక్కను తాకకూడదని పిల్లలకు నేర్పండి.

14.5 పిల్లి

పిల్లి మాంసం లేకుండా బతకలేని జంతువు. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు. అది మాంసాహారం నుంచే అందాలి. లోపిస్తే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. కాబట్టి ఇంట్లోకి మాంసం, చేప, గుడ్డు, దుకాణంలో దొరికే పిల్లి ఆహారం ఏదీ రానివ్వలేని కుటుంబం పిల్లిని ఎంచుకోకపోవడమే మంచిది. కుక్క ఆహారం పిల్లికి సరిపోదు.

పిల్లి, పాలు అనగానే జంటగా గుర్తొస్తాయి. కానీ ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలు పట్టుకొంటాయి. పక్కన శుభ్రమైన నీళ్ళ గిన్నె ఉంటే చాలు.

ఇంట్లో ఉంచే పిల్లికి ఇసుక తొట్టి తిండి గిన్నెకు దూరంగా పెట్టి, రోజూ శుభ్రం చేయాలి. తొట్టి మురికిగా ఉంటే పిల్లి బయట చేస్తుంది. దాన్ని మొండితనం అనుకోకండి. గోళ్ళు గీరడం దాని సహజ అవసరం. గోనెసంచి చుట్టిన ఒక కర్రదుంగ నిలబెడితే సోఫా బతుకుతుంది. మగపిల్లి పదే పదే తొట్టిలో కూర్చొని మూత్రం రాక అరుస్తుంటే మూత్రమార్గం మూసుకుపోయిందని అర్థం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది కాబట్టి గంటలు లెక్కపెట్టుకొని ఆసుపత్రికి చేర్చాలి.

పిల్లికి జ్వరమని మన ఇంట్లోని పారాసిటమాల్ మాత్ర వేయడం ప్రాణాంతకం. దాన్ని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లికి విషమే. గర్భిణులు పిల్లి తొట్టిని శుభ్రం చేయకూడదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిండానికి హాని చేయవచ్చు. పిల్లిని ఇంట్లోంచి పంపేయనక్కరలేదు, ఆ పని మరొకరు చేస్తే చాలు. ఆడపిల్లి ఐదారు నెలలకే చూలు కట్టగలదు. అందుకే సంతాన నియంత్రణ శస్త్రచికిత్సను ఆలస్యం చేయరాదు.

14.6 పక్షులు, తాబేళ్ళు

మన ఇళ్ళ వసారాల్లో రామచిలుక పంజరం కనిపించడం కొత్త కాదు. జోస్యం చెప్పేవారి దగ్గర కూడా దాన్నే చూస్తాం. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచడం నేరం. మన దేశపు చిలుకలన్నింటికీ, మునియా పిట్టలకూ ఇదే వర్తిస్తుంది. కారణం 14.2లో చూశాం. రామచిలుక పెంపుడు జాతి కాదు. సంతలోకి వచ్చే పిల్లలను చెట్టుతొర్రల్లోని గూళ్ళ నుంచి తీసుకువస్తారు, దారిలో చాలా చనిపోతాయి.

నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందనే నమ్మకం మరొకటి. ఈ తాబేలు కూడా అదే చట్టం కింద రక్షణ పొందినది. 2019 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నిషేధపు మొదటి అనుబంధంలో ఉంది. దీన్ని ఇంట్లో ఉంచినవారికి జరిగేది కలిసిరావడం కాదు, కేసు నమోదు కావడం. దుకాణాల్లో దొరికే చిన్న ఎర్రచెవి తాబేలు ఉత్తర అమెరికా జాతి. అరచేతిలో ఇమిడే పిల్ల పళ్ళెమంత పెరుగుతుంది. విసుగొచ్చి చెరువులో వదిలితే మన తాబేళ్ళ ఆహారాన్ని, చోటును ఆక్రమిస్తుంది.

పక్షి కావాలనుకొంటే, పంజరంలోనే పుట్టి పెరిగే బడ్జెరిగార్లు ఉన్నాయి. మన దుకాణాల్లో వీటినే లవ్ బర్డ్స్ అంటారు కానీ అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా జాతి. బడ్జెరిగార్లు గుంపు పక్షులు కాబట్టి కనీసం రెండింటిని పెంచాలి. పంజరం ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, అవి అడ్డంగా ఎగురుతాయి. కొర్రలు, సజ్జలు మాత్రమే చాలవు. కొత్తిమీర, పాలకూర, కాల్షియం కోసం కటిల్ బోన్ కూడా ఇవ్వాలి. పంజరాన్ని వంటింట్లో పెట్టకండి. మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే పొగ నిమిషాల్లో పక్షులను చంపగలదు. ఈకలు ఉబ్బించుకొని, పంజరం అడుగున కూర్చొన్న పక్షి అప్పటికే బాగా జబ్బుపడిందని గ్రహించండి.

ఆఫ్రికన్ గ్రే వంటి విదేశీ చిలుకలు అంతర్జాతీయ ఒప్పందపు అనుబంధాల్లో ఉన్నాయి. వాటిని ఉంచుకొనేవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. రసీదు, పత్రాలు లేని పక్షిని కొనకండి.

14.7 కుందేలు

తెల్ల కుందేలు యూరప్ కుందేలు సంతతి, పెంపుడు జాతి. మన పొలాల్లో కనిపించే చెవులపిల్లి వేరు. అది వన్యప్రాణి, పట్టకూడదు.

కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు గల గడ్డిని రోజంతా నములుతుంటేనే అరుగుతాయి. కాబట్టి దాని ఆహారంలో అధికభాగం ఎండుగడ్డి, పచ్చగడ్డి ఉండాలి. క్యారెట్ ఎప్పుడో ఒకసారి ఇచ్చే మిఠాయి వంటిది. కుందేలు తన మెత్తని పెంటికలను తానే తినడం చూసి రోగమని భయపడకండి. మొదటిసారి జీర్ణం కాని పోషకాలను అలా రెండోసారి గ్రహిస్తుంది. సగం రోజు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర పరిస్థితే.

చెవులు పట్టి ఎత్తడం క్రూరత్వం. వెనుక కాళ్ళకు ఆధారం లేకుండా ఎత్తితే తన్నుకొని వెన్నెముక విరగ్గొట్టుకోగలదు. 30 డిగ్రీలు దాటిన ఎండ దానికి ప్రమాదం. రేకుల కప్పు కింద బోను పెట్టకూడదు. గర్భకాలం సుమారు 31 రోజులే. రెండు కుందేళ్ళు తెచ్చుకొనేవారు ముందు ఆడమగ తేల్చుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
ప్రశ్న: రామచిలుకను పెంచడం నేరం, బడ్జెరిగార్‌ను పెంచడం నేరం కాదు. ఎందుకు?
........................................................................
........................................................................

14.8 అక్వేరియం చేపలు

చేపలు సులువని అందరూ అనుకొంటారు. ఒక వారంలో అన్నీ చనిపోయాక దుకాణదారుణ్ణి తిడతారు. అసలు కారణం నీటి రసాయనశాస్త్రంలో ఉంది.

చేప విసర్జన, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది. అది చేపకు విషం. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. దీని హాని చాలా తక్కువ. ఈ బాక్టీరియా ఫిల్టరులో, గులకరాళ్ళ మీద స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజే పది చేపలు వేస్తే విషాన్ని మార్చే బాక్టీరియా ఇంకా ఉండదు, అందుకే చనిపోతాయి.

శుభ్రత పేరుతో నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళను సబ్బుతో కడిగితే ఆ బాక్టీరియా మళ్ళీ మొదటికి వస్తుంది. సరైన పద్ధతి వారానికి నాలుగో వంతు నీరు మాత్రమే మార్చడం. కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో నిలవ ఉంచాలి. మేత రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టెలో ఎంత నీరు పడుతుందో చూడండి: 60 × 30 × 30 = 54,000 ఘన సెంటీమీటర్లు, అంటే 54 లీటర్లు. ఇది గప్పీల చిన్న గుంపుకు చాలు. గోల్డ్ ఫిష్ ఎక్కువ విసర్జిస్తుంది, పెద్దగా పెరుగుతుంది కాబట్టి గుండ్రటి గాజుపాత్రలో దాన్ని ఉంచడం నెమ్మదిగా చంపడమే. బెట్టా చేప పైగాలిని కూడా పీల్చగలదు, అయినా దానికీ శుభ్రమైన నీరు కావాలి. రెండు మగ బెట్టాలను కలిపితే పోట్లాడి చస్తాయి.

పెంచలేని చేపలను చెరువులోనో కాలువలోనో వదలకండి. తొట్టెను శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప అలా బయటపడి మన చెరువుల్లో, నదుల్లో పెరిగి జాలరుల వలలను చింపుతోంది.

14.9 రేబిస్ – ప్రతి ఇంటికీ తెలియవలసిన విషయం

రేబిస్ వైరస్ జబ్బుపడిన జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు ద్వారా నరాల వెంబడి మెదడును చేరుతుంది. లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలల్లో కనిపిస్తాయి, కొందరిలో వారానికే, కొందరిలో ఏడాదికి రావచ్చు. లక్షణాలు మొదలైన తరువాత దాదాపు ఎవరూ బతకరు. కాటుకు, లక్షణాలకు మధ్య ఉన్న ఈ వ్యవధిలోనే టీకా పనిచేస్తుంది. 1885 జులైలో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే బాలుడికి టీకా వేసినప్పటి నుంచి ఇదే సూత్రం.

కుక్క, పిల్లి, కోతి కరిచినా, గీరినా, పగిలిన చర్మాన్ని నాకినా వరుసగా చేయవలసినవి:

1. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి. సబ్బు ఈ వైరస్‌ను నాశనం చేస్తుంది.
2. పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పూయకూడదు. కట్టు కట్టకూడదు.
3. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. ఇప్పుడు టీకాను చర్మంలో 0, 3, 7, 28 రోజుల్లో, లేదా కండరంలో 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. బొడ్డు చుట్టూ 14 సూదులు అనేది పాత మాట, ఆ టీకా ఇప్పుడు లేదు.
4. నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోకే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇవ్వాలి. దీని గురించి వైద్యుణ్ణి మీరే అడగండి.
5. కుక్కను పది రోజులు గమనించండి. అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదులు అవసరమా కాదా అనేది వైద్యుడు నిర్ణయిస్తారు. అంతవరకు ఆగి టీకా మొదలుపెట్టడం మాత్రం తప్పు.

కుక్కపిల్లేగా అని, మన ఇంటి కుక్కేగా అని ఊరుకోకండి. గర్భిణులకు, చంటిపిల్లలకు కూడా ఈ టీకా ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, దెబ్బలు పడతాయన్న భయంతో పిల్లలు కాటును దాచిపెడతారు. 'కుక్క గీరినా నాకు చెప్పు, తిట్టను' అని ఈ రోజే మీ ఇంట్లో పిల్లలతో అనండి. ఈ పాఠంలో మీరు మరిచిపోకూడని వాక్యం అదే.

14.10 యజమాని బాధ్యతలు

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టడం, చాలినంత తిండి, నీరు, చోటు ఇవ్వకపోవడం, మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టివేయడం, ఆకలితో మాడేట్టు వదిలివేయడం నేరాలు. కుక్కను పెంచేవారు స్థానిక మునిసిపాలిటీలో నమోదు చేయించుకోవాలి, టీకా పుస్తకం భద్రపరచాలి, వీధిలో దాని మలాన్ని తామే తీయాలి.

పెంచలేని పరిస్థితి వస్తే కుక్కను ఊరి బయట వదిలి రావడం కొందరు చేసే పని. ఇంటి తిండికి అలవాటు పడిన కుక్క వీధిలో ఇతర కుక్కల కాట్లకు, ఆకలికి, బండ్లకు బలవుతుంది. తెలిసినవారికి అప్పగించడం, సంరక్షణ కేంద్రాన్ని సంప్రదించడం సరైన మార్గాలు. ముసలితనంలో చూపు తగ్గి, కీళ్ళ నొప్పులతో కదలలేని జంతువుకు మెత్తటి పక్క, నానబెట్టిన తిండి, అలవాటైన గొంతు కావాలి. పన్నెండేళ్ళు కాపలా కాసినదానికి ఆ కొద్ది నెలల సేవ బాకీ ఉన్నట్టే.

14.11 సారాంశం

జంతువు అవసరాలు దాని పూర్వీకుల జీవనం నుంచి వస్తాయి. కుక్కకు తోడు, పిల్లికి మాంసం, పక్షికి జంట, కుందేలుకు గడ్డి, చేపకు పరిపక్వమైన నీరు ప్రధానం. మన దేశపు వన్యజాతులను ఇంట్లో ఉంచడం నేరం. రేబిస్‌కు చికిత్స లేదు, నివారణ మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉంది. ఎంపికకు ముందు ఐదు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాసుకొంటే, కొన్నిసార్లు సరైన నిర్ణయం 'ఇప్పుడు వద్దు' అనేదే కావచ్చు. అదీ జంతువు మీద ప్రేమే.

14.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. మచ్చిక ఒక జంతువుకే పరిమితం, సంతానానికి రాదు. తరతరాల ఎంపిక వల్ల జాతి స్వభావమే మారితే అది పెంపుడు జాతి అవుతుంది.
2. రామచిలుక మన దేశపు వన్యజాతి, 1972 చట్టం రక్షణలో ఉంది, గూళ్ళ నుంచి పట్టి తెస్తారు. బడ్జెరిగార్ పంజరాల్లోనే తరాలుగా పుట్టి పెరుగుతున్న విదేశీ జాతి.

14.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పెంపుడు జంతువు ఎంపికలో పరిగణించవలసిన అంశాలను మీ కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించండి.
2. రేబిస్ వ్యాప్తిని, కాటు తరువాత తీసుకోవలసిన చర్యలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అక్వేరియంలో అమ్మోనియా నైట్రేట్‌గా మారే క్రమాన్ని తెలపండి.
2. పిల్లికి శాకాహారం ఎందుకు సరిపడదు?
3. కుక్క శరీర భాషలోని హెచ్చరికలను పేర్కొనండి.